శనివారం వేయని చైన్ సెట్టు

మా మామయ్యగారు ఇంటికి వస్తున్నారా లేదా అని మా వీధిలో ఎవరూ గేటు దాకా వెళ్ళి చూడరు. చూడాల్సిన పని లేదు. బైపాస్ దగ్గర మలుపు తిరిగినప్పటి నుంచే ఆయన మోటారు సైకిలు గొలుసు గోల మొదలవుతుంది. కటకట, కరకర, మధ్యలో టప్పున ఒక దెబ్బ, మళ్ళీ కటకట. ఆ టప్పు వినపడగానే ఎదురింటావిడ గోడ మీద నుంచి తొంగి చూసి, "మీ మామగారొచ్చేస్తున్నారు, కాఫీ పెట్టుకో" అని నన్ను హెచ్చరించేది. ఆవిడ అరిచాక నేను పాలు పొయ్యి మీద పెడితే, అవి పొంగేసరికి ఆయన చెప్పులు విప్పుకుంటూ ఉండేవారు.

మామయ్య బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యారు. తిరువూరు నుంచి విజయవాడకి తిప్పిన బస్సుకి ఏనాడూ ఒక్క గీత పడనివ్వలేదని ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతారు. రిటైరయ్యాక ఆయనకి మిగిలిన ఒకే ఒక్క ప్యాసింజరును నేను. వినగడప దారిలో ఒక చిన్న ఊళ్ళో టీచర్ని. పొద్దున బడి దగ్గర దించుతారు, సాయంత్రం వచ్చి ఎక్కించుకుంటారు. ఆలస్యం చేస్తే హారన్ కొడతారు. బడి ఆవరణలో పిల్లలు నన్ను చూసి నవ్వుతారు.

ఆ ప్రయాణం అంటే నాకు ప్రాణం. కారణం దాచుకోవాల్సిందేమీ కాదు. మా ఇంట్లో నాకు మాట్లాడే సందు దొరకదు. మా అత్తయ్య మొదలుపెడితే ఆవిడకే పూట సరిపోదు. మా ఆయనకి పురుగుమందుల కొట్టు ఉంది. పొద్దస్తమానం రైతులతో మాట్లాడి మాట్లాడి ఇంటికొచ్చేసరికి ఆయనకి మాటలు అయిపోతాయి, ఫోనులో తలదూర్చి కూర్చుంటాడు. నా కష్టసుఖాలన్నీ వినే మనిషి ఈ భూమ్మీద ఒక్కరే, అది మామయ్య. బండి ఎక్కి కూర్చోగానే ఆయన వీపు వెనక నా నోరు తెరుచుకునేది. హెడ్మాస్టరు అన్న మాట, మా ఆయన అనని మాట, అత్తయ్య చారులో వేసిన ఉప్పు, అన్నీ గుమ్మరించి, చివర్లో భుజం తట్టి "అంతేగా మామయ్యా?" అనేదాన్ని.

"నిజమే తల్లీ" అనేవారు.

ఎన్ని మాటలన్నా అదే జవాబు. "మీ అబ్బాయంత మొండి మనిషిని నేను చూళ్ళేదు మామయ్యా" అంటే, నిజమే తల్లీ. "అత్తయ్య నా చీరల మీద వంకలు పెట్టడం మానుకోవాలి" అంటే, నిజమే తల్లీ. కొడుకనీ భార్య అనీ చూడకుండా ఇంత న్యాయంగా తీర్పు చెప్పే మామగారు ఎవరికి దొరుకుతారు? బళ్ళో తోటి టీచర్ల దగ్గర నేను ఈ విషయం చెప్పుకుని కాలరెగరేసేదాన్ని. పాపం వాళ్ళకి ఇలాంటి మామగార్లు లేరు.

అలాంటి నా బతుకులో ఒక రాత్రి భోజనాల దగ్గర మా ఆయన బాంబు పేల్చాడు.

"ఆ బండి చప్పుడుకి నా కొట్టు పరువు పోతోంది. రైతులు నవ్వుతున్నారు. ఈ ఆదివారం పాత బళ్ళు కొనే ఆయన్ని రమ్మన్నాను. ఇచ్చేద్దాం. నాన్నకీ వయసైంది. నువ్వు షేరాటోలో వెళ్ళిపో."

షేరాటోలో నలుగురి మధ్య ఇరుక్కుని నా కష్టాలు ఎవరికి చెప్పుకోను? డ్రైవరుకా? నాకు ఒళ్ళు మండింది.

"చప్పుడు పోతే ఉంచుతారా?" అన్నాను.

"పోతే ఉంచుదాం. కానీ దాని మీద ఎడాపెడా తగలేస్తే ఊరుకోను."

అలా బండికి తక్కువలో చైన్ సెట్టు మార్పించే బాధ్యత ఒక తెలుగు టీచరు నెత్తిన పడింది.

మామయ్యకి ఈ సంగతి చెబితే ఆయన తేలిగ్గా తీసిపారేశారు. గొలుసు వదులైందంతే, ఒక లింకు తీసేస్తే బిగిసిపోతుంది అన్నారు. నేను వినలేదు. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. అతను వెనక చక్రం గిరగిరా తిప్పి, పళ్ళచక్రం మీద వేలు పెట్టి చూపించాడు. పళ్ళన్నీ ఒక పక్కకి అరిగి, మొనలు తేలి ఉన్నాయి.

"లింకు తీస్తే పోయేది కాదండి. పోనీ గొలుసొక్కటే వేద్దామంటే, ఈ అరిగిన పళ్ళు దాన్ని ఆర్నెల్లు కూడా బతకనివ్వవు. గొలుసు, ముందు పళ్ళచక్రం, వెనక పళ్ళచక్రం, మూడూ ఒకేసారి మార్చాలి. అదే చైన్ సెట్టు."

షోరూములో ధర అడిగి, బయటికొచ్చి చెరుకురసం తాగి కుదుటపడ్డాను. సామాను నేనే కొట్లో కొని తెస్తే బిగించినందుకు మాత్రం తీసుకుంటావా అని మెకానిక్‌ని అడిగితే సరేనన్నాడు. మెయిన్ రోడ్డు మీద స్పేర్ పార్టుల కొట్లన్నీ ఎక్కి దిగడం మొదలుపెట్టాను. మొదటి కొట్టతను నన్ను చూసి, "పళ్ళెన్ని మేడమ్?" అన్నాడు. ఎవరికి అని అడగబోయి ఊరుకున్నాను. ఒకే కంపెనీ బండికి కూడా మోడల్ని బట్టి వెనక చక్రం పళ్ళు మారతాయట. తప్పు చక్రం వేస్తే లాగుడు తగ్గడమో, పెట్రోలు ఎక్కువ తాగడమో ఉంటుందట.

ఇంటికొచ్చి బండిని స్టాండేసి, గోళ్ళరంగుతో ఒక పన్ను పక్కన గుర్తు పెట్టి, చక్రం నెమ్మదిగా తిప్పుతూ లెక్కపెట్టాను. మొదటిసారి మధ్యలో ఎదురింటావిడ పలకరించి లెక్క చెడగొట్టింది. రెండోసారి గ్రీజు చీరకి అంటింది. అత్తయ్య గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తోంది.

"ఇప్పుడు దానికేమొచ్చిందే? ఇంతకాలం కాపురం చేశాక మనుషులే చప్పుడు చేస్తారు. బండి చేస్తే తప్పొచ్చిందా?"

అత్తయ్యకి ఈ సెట్టు మార్చడం మొదటి నుంచీ ఇష్టం లేదు. ఎందుకో చెప్పదు. ఖర్చంటుంది, వర్జ్యమంటుంది, ఉన్నదాన్ని కెలకొద్దంటుంది. నా మీద కచ్చకొద్దీ అంటోందనుకున్నాను. మరింత పట్టుదలగా బేరాలాడి, షోరూము ధరలో సగానికి కాస్త ఎక్కువలో ఒక మంచి సెట్టు కొని, శుక్రవారం సాయంత్రం మెకానిక్ చేతిలో పెట్టాను.

"పాత సామాను మాత్రం ఇచ్చి పంపించు" అని గట్టిగా చెప్పాను.

మా వైపు ఇది అలవాటు. మిక్సీ అయినా మోటారైనా బాగుచేయిస్తే అరిగిపోయిన పాత ముక్కల్ని అడిగి ఇంటికి తెచ్చుకుంటాం. అవి ఎందుకూ పనికిరావు. కొత్తది నిజంగా వేశారనడానికి అవే సాక్ష్యం. మా మంచాల కింద అలాంటి సాక్ష్యాలు బోలెడు ఉన్నాయి.

మర్నాడు రెండో శనివారం, బడికి సెలవు. పొద్దున్నే మామయ్య మెకానిక్ దగ్గరికని బండి తీస్తుంటే అత్తయ్య అడ్డం పడింది.

"శనివారం ఇనుము ముట్టుకోకూడదు. శనిని ఇంటికి తెచ్చుకున్నట్టే."

అంతకు ముందు శనివారమే సంతలో ఇనప పెనం కొని చంకన పెట్టుకొచ్చిన మనిషి ఈవిడ! ఆ మాటే నేనంటే మొహం పక్కకి తిప్పుకుంది. మామయ్య హెల్మెట్ పెట్టుకుని, కటకటలాడించుకుంటూ వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం అవుతుండగా కటకట, కరకర, టప్పు. ఎదురింటావిడ "కాఫీ" అని అరవనే అరిచింది. నేను బయటికి పరుగెత్తాను. మామయ్య బండి దిగి హెల్మెట్ తీశారు. మొహం వెలిగిపోతోంది.

"చూశావా తల్లీ! వెన్నపూసలా నడుస్తోంది. చప్పుడన్నది లేదు."

బండి కడిగి ఉంది. గొలుసుకి గ్రీజు పెట్టి ఉంది. కానీ నా గోళ్ళరంగు గుర్తు ఆ పన్ను పక్కన అలాగే ఉంది.

"పాత సామానేది మామయ్యా?"

"ఆఁ, బాగుంది, బాగుంది" అని లోపలికి వెళ్ళిపోయారు.

నా కొత్త సెట్టు నొక్కేసి, గ్రీజు పూసి ముసలాయన్ని మోసం చేశాడన్నమాట ఆ మెకానిక్! చెప్పులేసుకుని ఎండలో విసవిసా నడిచి వెళ్ళాను. దారిలోనే తిట్లన్నీ వరసగా పేర్చుకున్నాను. అతను నన్ను చూడగానే లేచి, అల్మరా తెరిచి, సీలు విప్పని నా సెట్టు తీసి చేతిలో పెట్టాడు.

"మీ అత్తగారు పొద్దున్నే ఫోన్ చేశారండి. శనివారం వెయ్యొద్దు, తర్వాత చూద్దామన్నారు. ఊరికే పంపడమెందుకని కడిగి గ్రీజు పెట్టా. పెద్దాయనకి రెండుసార్లు చెప్పానండి, ఇవాళ మార్చట్లేదని. సరే సరే, మంచిది అన్నారు."

పేర్చుకున్న తిట్లు నోట్లోనే ఉండిపోయాయి. వచ్చేటప్పుడు విసవిసా వచ్చినదాన్ని, వెళ్ళేటప్పుడు కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళాను. మార్చలేదని చెబితే మంచిది అన్నారు. వీధంతా వినే చప్పుడు లేనే లేదన్నారు. సామానేదంటే బాగుందన్నారు.

ఇంటికొచ్చేసరికి మామయ్య వరండాలో గేటుకి వీపు పెట్టి కుర్చీలో పేపరు చదువుతున్నారు. నేను వెనక్కి వెళ్ళి నిలబడ్డాను.

"మామయ్యా, మీ పంచెని ఎలక కొరుకుతోంది."

పేపరు కదల్లేదు.

"మామయ్యా, మీ అబ్బాయి కొట్టు మూసేసి సన్యాసుల్లో కలిసిపోయాడు."

తీరిగ్గా పేజీ తిప్పారు.

"మామయ్యా, నేను అత్తయ్యని తన్నాను."

అప్పటిదాకా నాకు నవ్వు ఆగడం లేదు, నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. అప్పుడు చూసుకున్నాను నేను ఎక్కడ నిలబడ్డానో. ఆయన వీపు వెనక, చెయ్యి చాస్తే భుజం అందేంత దూరంలో. రోజూ బండి మీద కూర్చునేది సరిగ్గా అక్కడే. ఇక్కడ ఇంజను చప్పుడు లేదు, హెల్మెట్ లేదు. అయినా వినపడలేదు. మరి ఇన్నాళ్ళూ నేను చెప్పుకున్నవన్నీ ఏమైనట్టు?

వంటింట్లోకి వెళ్ళి చైన్ సెట్టు అత్తయ్య ముందు పెట్టాను. శనివారం పూట ఇనుము వంటింట్లోకి వచ్చినా ఆవిడ ఉలిక్కిపడలేదు.

"మామయ్యకి వినపడటం లేదని మీకెప్పట్నుంచి తెలుసు?"

ఆవిడ గరిటె పక్కన పెట్టింది. పొయ్యి తగ్గించింది. ఆవిడ మాటల కోసం తడుముకోవడం నేనెప్పుడూ చూడలేదు.

"చాలా రోజుల్నుంచి. ఎదురుగా నిలబడి అరిస్తే కొంచెం వినపడుద్ది, మిగతాది నోరు చూసి చెప్పేస్తాడు. వెనక లారీ హారన్ కొడితే ఈయనకి తెలీదే. ఈయన చప్పుడైనా లారీవాళ్ళకి వినపడాలి కదా? నువ్వేమో ఆ చప్పుడు తీసేయిస్తానని చక్రాలు పట్టుకు కూర్చున్నావు!"

"నాకు చెప్పొచ్చుగా!"

"నీకు చెప్తే నీ మొగుడికి చెప్తావు. వాడు బండి లాగేసుకుంటాడు. అప్పుడు ఈ మనిషి రోజంతా ఇంట్లో నా ఎదురుగ్గా కూర్చుంటాడు. నా గతేంటి?"

"మరి నన్నెందుకు ఎక్కించి పంపుతున్నారు? నా ప్రాణం ప్రాణం కాదా?"

"నువ్వుంటేనే నాకు ధైర్యమే. నీ చెవులు బాగానే ఉన్నాయిగా. ఏదన్నా వస్తే నువ్వు వింటావుగా."

నేను వినడమా! దారి పొడుగునా నేను వాగుతూనే ఉంటాను. లారీ కాదు కదా, రైలొచ్చినా నాకు తెలిసేది కాదు. ఆ మాట ఆవిడకి చెప్పే ధైర్యం లేకపోయింది.

అంతలో మా ఆయన భోజనానికి వచ్చాడు. మామయ్య కూర్చుంటూనే, చప్పుడు పోయింది, బండి వెన్నపూసలా నడుస్తోందని ప్రకటించారు. "అయితే తాళం ఇవ్వు నాన్నా, ఒక రౌండ్ వేసొస్తా" అన్నాడు మా ఆయన. నేనూ అత్తయ్యా ఒక్కసారే నోరు తెరిచాం.

"కొత్త గొలుసు! ఒక పూట కదపకూడదట!" అన్నాను నేను.

"మెకానిక్ మరీ మరీ చెప్పాడ్రా" అంది అత్తయ్య, అడక్కుండానే అతని కంచంలో మరో గరిటె పప్పు వేస్తూ.

మందు కొట్టిన చేలోకి ఆ పూట వెళ్ళకూడదని రోజూ రైతులకి చెప్పే మనిషి కనక మా ఆయన నమ్మేశాడు. అత్తాకోడళ్ళం ఒక మాట మీద నిలబడటం మా ఇంటి చరిత్రలో అదే మొదలు. మా ఆయన అనుమానపడాల్సింది అక్కడే.

అతను కొట్టుకి వెళ్ళాక నేను వరండాలో మామయ్య ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను. మొహంలో మొహం పెట్టి, ఒక్కో మాటా విడదీసి చెప్పాను. సెట్టు మార్చలేదు. చప్పుడు పోలేదు.

ఆయన బండి వైపు తిరిగి చూశారు.

"ఇంకా వస్తోందా?"

"బైపాస్ దాకా వినపడుతోంది మామయ్యా."

ఆయన మొహం చిన్నబోయింది. పసిపిల్లల్ని తిట్టినా నాకు అంత బాధ కలగదు.

"మీ ఆయనకి చెప్పావా?"

"చెప్పలేదు. మీరు చెవి మిషను పెట్టించుకుంటే చెప్పను."

"అది ముసలోళ్ళు పెట్టుకునేదమ్మా."

"మరి మీరెవరు?"

"డ్రైవర్ని" అన్నారు.

డ్రైవరుకి హారన్ వినపడాలి కదా అన్నాను. ఆయన తల దించుకుని, సరేనన్నట్టు పేపరు మడత పెట్టారు. అప్పుడు అసలు మాట అడిగాను.

"రోజూ బండి మీద నేను చెప్పేవన్నీ?"

"నువ్వు భుజం తట్టినప్పుడల్లా నిజమే తల్లీ అనేవాణ్ణి."

"ఒక్క ముక్క కూడా వినపడలేదా?"

"అద్దంలో నీ మొహం కనపడేది. ఏదో బాధపడుతున్నావని తెలిసేది. ఏంటో తెలిసేది కాదు" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళుగా నా మాట వినే మనిషి ఒకరున్నారని నిబ్బరంగా బతికాను. తీరా చూస్తే నేను మామిడితోటలకీ పత్తిచేలకీ చెప్పుకున్నాను. లేచి లోపలికి వెళ్ళి కాసేపు ఏడ్చాను. ఏడుస్తుండగా, మీ అబ్బాయిని పాత బళ్ళాయనకే అమ్మేద్దామా అని ఆ మధ్య నేను అడిగితే ఆయన నిజమే తల్లీ అన్న సంగతి గుర్తొచ్చి నవ్వొచ్చింది.

ఆదివారం తెల్లారగానే, మా ఆయన ఇంకా లేవకముందే, మెకానిక్ వచ్చి బండిని చప్పుడు కాకుండా తోసుకుంటూ తీసికెళ్ళాడు. పిలిపించింది అత్తయ్యే. పాత బళ్ళు కొనే ఆయన వచ్చేసరికి కొత్త సెట్టుతో బండి గేటు ముందు ఉంది. మా ఆయన ఒక రౌండ్ వేసి వచ్చి, ఆశ్చర్యపోయి, వచ్చినాయనకి టీ ఇప్పించి పంపేశాడు. అరిగిపోయిన పాత సెట్టు మంచం కిందికి చేరింది. బండి తాళం మాత్రం అత్తయ్య బొడ్లో దోపుకుంది. మిషను చెవిలోకి వచ్చేదాకా ఇచ్చేది లేదంది. అన్ని రోజులూ నేను షేరాటోలో ఇరుక్కుని, ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండా బడికి వెళ్ళాను.

నా పన్ను చూపించుకోవాలని మా ఆయనకి చెప్పి, మామయ్యని తోడు తీసుకుని విజయవాడ వెళ్ళి, ఆయనకి చెవి మిషను పెట్టించాను. తిరిగొచ్చి ఇంట్లో అడుగుపెట్టగానే అత్తయ్య ఏదో అంది. మామయ్య చెవి పట్టుకున్నారు.

"ఇంత గొంతేంటే నీది!"

చెవిలో ఏంటని మా ఆయన అడిగితే, ఫోను మాట్లాడుకోవడానికి అన్నాను. నాన్న మోడరన్ అయ్యారని మురిసిపోయాడు. ఎన్నాళ్ళు నమ్ముతాడో చూడాలి.

సోమవారం పొద్దున మళ్ళీ బండి ఎక్కాను. గొలుసు చప్పుడు లేదు. గాలి వినపడుతోంది. వెనక దూరంగా లారీ హారన్ కొట్టగానే మామయ్య నాకంటే ముందే అద్దంలో చూసి, ఒద్దిగ్గా పక్కకి తీశారు. పిట్ట అరిస్తే అటు తిరుగుతున్నారు. గేదె మెడలో గంటకి నవ్వుతున్నారు. నేను మాత్రం నోరు విప్పలేదు. ఇప్పుడు వినపడుతుంది కదా! వినపడే మామగారితో, మీ అబ్బాయి మొండివాడని కోడలు ఎలా అంటుంది? ఎన్ని మాటలు నాలుక చివరిదాకా వచ్చాయో అన్నీ వెనక్కి పోయాయి. ఈ బండి కోసం ఊరంతా తిరిగి, గ్రీజు పూసుకుని, అబద్ధాలాడి నిలబెట్టుకున్నాను. తీరా ఎక్కాక ఒక్క మాట కూడా లేదు. దిగులేసింది.

మామిడితోట దాటాక ఆయన బండి ఆపేశారు. ఇంజను కట్టేసి, హెల్మెట్ తీసి, చెవిలో మిషను సర్దుకుని నా వైపు తిరిగారు.

"చెప్పు తల్లీ."

"ఏం చెప్పను మామయ్యా?"

"మొదట్నుంచి చెప్పు. నేను నిజమే అన్నవాటిల్లో ఏవి నిజమో నాకూ తెలియాలిగా."

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, తేలికైనది కదా అని అత్తయ్య చారుతో మొదలుపెట్టాను. ఉప్పెక్కువేస్తుందని అన్నానో లేదో ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"అది మాత్రం నిజం కాదమ్మా. మీ అత్తయ్య చారు అంత బాగా ఎవరూ కాయలేరు."

నేను కాదన్నాను. ఆయన అవునన్నారు. నేను గొంతు పెంచాను, ఆయన కూడా పెంచారు. బడి గంట కొట్టే వేళ దాటిపోతున్నా నడిరోడ్డు పక్కన నిలబడి ఇద్దరం చారు మీద పోట్లాడుకున్నాం. ఈ ఇంటికి కోడలిగా వచ్చాక ఆయన నా మాట కాదనడం అదే మొదటిసారి. ఆ రోజు నాకు కలిగినంత సంతోషం ఆయన నిజమే అన్న ఏ రోజునా కలగలేదు.